ఈ వారం సమస్య: కంపు గొట్టు పండె యింపు గాదె (ఆటవెలది)

ఈసారి రసం బీభత్సం, రోత పుట్టించేదే రుచిగా ఉండాలి. చివరి పాదంలో కంపు-ఇంపు ప్రాసయతి (పాదం మొదట్లోనూ యతి చోటా రెండో అక్షరం కలవడం) ఉంది, గమనించండి.

పూరణ 1 (సింగపూర్ నుంచి)

ముళ్ళ పండు కోయ మురుగుకాలువ కంపు
రైలులోన దాని రాకకడ్డు
నోట బెట్టినంత నునువెన్న మీగడ
కంపు గొట్టు పండె యింపు గాదె!

నిర్వాహకుడు: దురియన్! అక్కడి మెట్రోలో దీన్ని తేవద్దని బోర్డులే ఉంటాయి. గంధక సమ్మేళనాల వల్ల ఆ వాసన. అయినా దాన్నే పండ్లకు రాజంటారు. కంపు రెండుసార్లు పడింది. మొదటి పాదంలో 'మురుగుకాలువ గాలి' అంటే సరి, గణం చెడదు.

పూరణ 2

యాక్కటంచు మనుమఁ డటు తిరుగును గాని
పనస తొనకుఁ దాత పరుగు దీయు
మాగి మాగి యిల్లు మత్తెక్కి పోయెడు
కంపు గొట్టు పండె యింపు గాదె!

ఒక సభ్యురాలు: పద్యంలో 'యాక్' ఏమిటండీ? 'ఛీ' అనలేరా?

నిర్వాహకుడు: అంటే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలోని అక్షరంతో పొత్తు) పోతుందమ్మా. 'ఛీ'కి 'అటు'లోని అకారంతో మైత్రి లేదు, యాకారానికి ఉంది. పైగా ఐదేళ్ళ పిల్లాడు ఇప్పుడు అనేది యాకే. అదే తాత నోట పెట్టి ఉంటే ఎబ్బెట్టుగా ఉండేది. నా అభ్యంతరం మూడో పాదం మీద. మాగింది పండా, ఇల్లా? 'మాగఁబెట్ట నిల్లు' అనండి. ఇంకో మాట, పనస వాసనను కంపంటే గోదావరి జిల్లాల వాళ్ళు ఊరుకోరు!

పూరణ 3

పేడ పెంట తోలి పిదప దుక్కులు దున్న
ముక్కు మూసికొనుచు మురిసె రైతు
వాన పడిన చేను వారము దినములు
కంపు గొట్టు, పండె, యింపు గాదె!

నిర్వాహకుడు: భేష్! పండును క్రియ చేశారు, విరుపు బాగుంది. మూడింట్లో నాకు నచ్చింది ఇదే. కానీ 'పండెను' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. అచ్చు పరమైతే 'పండె నింపు' కావాలి, యడాగమం (మధ్యలో యకారం రావడం) చెల్లదు.

కవి: మధ్యలో విరామం పెట్టాను కదండీ, సంధి ఎందుకు?

నిర్వాహకుడు: పాదం మధ్యలో విరామచిహ్నం సంధిని ఆపదు.

మరో సభ్యుడు: ఇంతకీ బీభత్సం ఎక్కడుంది సార్? జుగుప్స (రోత) దానికి స్థాయీభావమని, అంటే మూలభావమని, మహాకాలుడు అధిదేవత అని నాట్యశాస్త్రంలో భరతుడు అన్నాడు. ఇక్కడ అంతా హాస్యమే.

నిర్వాహకుడు: నిజమే. మహాకాలుణ్ణి పిలవగలిగిన వాళ్ళు ఆదివారం దాకా పంపవచ్చు. భోజనం వేళ మాత్రం పెట్టకండి.