పాత మారుతి 800: పెట్రోల్ పైపులన్నీ మార్చాలా, కారే ముక్క మారిస్తే చాలా?

కాజీపేట_800: బాపు వాడిన 1997 మారుతి 800, కార్బురేటర్ బండి. పొద్దున స్టార్ట్ చేయగానే పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. పంపు దగ్గరి రబ్బరు పైపును వంచితే పగుళ్లు కనబడుతున్నాయి. మిస్త్రీ ఆ ముక్క ఒక్కటే మారుస్తానంటున్నాడు, మా బావ ట్యాంకు నుంచి అన్నీ మార్చమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

రామప్ప_రోడ్డు: బావ మాటే వినండి. అదే వయసు రబ్బరు ట్యాంకు దగ్గర కూడా ఉంది, అది మీకు కనబడదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఆ కాలం రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, ఉబ్బి మెత్తబడుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే హోసే కొనండి. మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ పైపు, ఫిల్టర్ కూడా మార్చండి. గాట్లున్న స్క్రూ క్లిప్పులు వద్దు, రబ్బరును కోస్తాయి. అంచు మడిచినవి దొరుకుతాయి.

ఆటోనగర్_షెడ్డు: క్లిప్పుకు అంత కథ అవసరం లేదు. కార్బురేటర్ బండిలో పంపు ప్రెషర్ అర బార్ కూడా ఉండదు. ఎంపీఎఫ్ఐలో, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే బండిలో, మూడు బార్ల దాకా పోతుంది, అక్కడ మాట వేరు. అతిగా బిగించకపోతే మామూలు క్లిప్పు చాలు.

జమ్మికుంట_జెన్: స్క్రాప్‌కు ఇచ్చేయ్ అన్నా.

రామప్ప_రోడ్డు: నేను చెప్పింది ప్రెషర్ గురించి కాదు, కోత గురించి! పోయినేడు ఒక షెడ్డులో మా వ్యాన్‌కు పైపు మార్చారు. ములుగు దారిలో పెట్రోల్ కారింది. బిల్లులో ఒరిజినల్ అని రాసి ఉంది, తీసి చూస్తే అక్వేరియంకు వాడే ప్లాస్టిక్ గొట్టం.

ఆటోనగర్_షెడ్డు: ఎవడో గొట్టం వేస్తే క్లిప్పుదా తప్పు?

మంచిర్యాల_మెకానికల్: రబ్బరు గొడవలో ఇనుప పైపును మరిచిపోయారు. ఫ్లోరు కింద పట్టీలు ఉన్నచోట బురద పేరుకుని తుప్పు పడుతుంది. గోటితో గీరితే పొరలు లేస్తున్నాయంటే ఆ పైపు మార్చాల్సిందే. తుప్పు ముక్క కోసి మధ్యలో హోస్ తొడుగుతారు కొందరు. కోసిన చివర ఉబ్బు లేకపోతే హోస్ జారిపోతుంది. రాగి పైపు కూడా వద్దు, అదురుకు గట్టిపడి పగులుతుంది.

రామప్ప_రోడ్డు: ఇవన్నీ షెడ్డు వాళ్లకు తెలియవా? ముక్కలు ముక్కలుగా మారిస్తేనే బండి మళ్లీ మళ్లీ వస్తుంది. అసలు లెక్క అది.

ఆటోనగర్_షెడ్డు: ఇప్పుడు బయటపడింది కడుపులో మాట. అన్నీ మార్చాలంటే దోచుకుంటున్నాడంటారు. కారేచోట మారిస్తే మళ్లీ రప్పించుకుంటున్నాడంటారు. ట్యాంకు దించి రబ్బరంతా మార్చడమే సరైన పని, నాకు తెలియక కాదు. కూలి ఎవరిస్తారు? పైపు ధరకు బేరం ఆడరు గానీ, చేతి పనికి మాత్రం 'ఇంతా?' అంటారు. 'తర్వాత చూద్దాం అన్నా' అని బండి తీసుకుపోయినవాళ్లే, రోడ్డు మీద ఆగితే నా పేరు చెప్తారు.

రామప్ప_రోడ్డు: ఆ మాట మొదటే ఈ తమ్ముడికి చెప్పాల్సింది. విప్పిన పాత పైపులు చేతిలో పెట్టండి, కూలి అడిగినంత ఇస్తాను.

ఆటోనగర్_షెడ్డు: పెడతాను. కూలి ముందే చెప్తాను, ఒప్పుకుంటేనే ట్యాంకు దించుతాను.

రామప్ప_రోడ్డు: సరే. క్లిప్పులు మాత్రం అంచు మడిచినవే.

కాజీపేట_800: ట్యాంకులో సగం పెట్రోల్ ఉంది అన్నా. అట్లనే దించొచ్చా?

ఆటోనగర్_షెడ్డు: వద్దు తమ్మీ. ముందు బ్యాటరీ నెగిటివ్ వైరు విప్పాలి, తర్వాత పెట్రోల్ మొత్తం డబ్బాలోకి తీయాలి. పక్కన వెల్డింగ్ జరిగే షెడ్డులో ఈ పని పెట్టకు. వాసన వస్తుందంటున్నావు కాబట్టి నడుపుకుంటూ రాకు, మిస్త్రీనే ఇంటికి పిలువు.