బూస్ట్ పెంచాలంటే రాడ్ బిగించాలా, మళ్లీ ట్యూన్ చేయించాలా?

పాలమూరు_టర్బో
అన్నలూ, బండి పాత ఆక్టేవియా ఆర్‌ఎస్, 1.8 టర్బో పెట్రోల్. కంపెనీ లెక్క 150 హార్స్‌పవర్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని పెద్ద ఎగ్జాస్ట్, ముందు పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) వేయించి హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్‌తో ట్యూన్ కూడా చేయించా. బూస్ట్, అంటే టర్బో నొక్కే గాలి ఒత్తిడి, మీటర్‌లో 0.9 బార్ చూపిస్తోంది, నాకు 1.2 కావాలి. మళ్లీ ట్యూన్ అంటే ముప్పై వేలు అడుగుతున్నారు. జడ్చర్లలో దోస్తేమో వేస్ట్‌గేట్ (పొగని టర్బో పక్కనుంచి మళ్లించే గేటు) రాడ్ రెండు చుట్లు బిగిస్తే అయిపోతుంది, రూపాయి ఖర్చు లేదు అంటున్నాడు. ఏది చేయమంటారు?

షెడ్డు_సూర్యాపేట
దోస్తు చెప్పింది కరెక్టే తమ్మీ. హైవే పక్కన 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నా. రాడ్ పొట్టిదైతే గేటు లేటుగా తెరుచుకుంటుంది, పొగంతా టర్బో చక్రం మీదికే పోతుంది, ప్రెషర్ పెరుగుతుంది. గాలి ఎక్కువైతే ఇంజన్ ఇంకా చల్లగా ఉంటుంది. దీనికి ల్యాప్‌టాప్ ఎందుకు?

నల్గొండ_లాగ్స్
ఎందుకో చెప్తా. ఆ బండిలో బూస్ట్‌ని రాడ్ ఒక్కటే చూసుకోదు, ఎన్75 అనే బూస్ట్ కంట్రోల్ వాల్వ్‌తో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఆడిస్తుంది. తను అడిగిన దానికంటే ఎక్కువ వస్తే కాసేపు వాల్వ్‌తో తగ్గించి చూస్తుంది, కుదరకపోతే పవర్ కోసేస్తుంది. తమ్ముడూ, స్కానర్ పెట్టి ఫుల్ యాక్సిలరేటర్‌లో లాగ్ (రీడింగుల రికార్డు) తీశావా, బూస్ట్ ఎంత ఉంది?

పాలమూరు_టర్బో
1850 మిల్లీబార్ అన్నా.

షెడ్డు_సూర్యాపేట
1.85 అంటే 1.2 ఎప్పుడో దాటిపోయింది కదా, ఇంకేం కావాలి ఇతనికి? మీటర్ చెడిపోయింది, ముందు అది మార్చు.

నల్గొండ_లాగ్స్
మీటర్ బాగానే ఉంది. స్కానర్ బయటి గాలిని కూడా కలిపి చూపిస్తుంది. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తు, అక్కడ మామూలు గాలి ఒత్తిడే 950 మిల్లీబార్ ఉంటుంది. 1850లోంచి తీసేస్తే 900, అంటే మీటర్ చెప్పిన 0.9.

షెడ్డు_సూర్యాపేట
లారీ వాడికి ఈ తీసివేతలు చెప్తే నవ్వుతాడు. బార్ అంటే బార్.

మిర్యాలగూడ_రైడర్
నాలుగు పోస్టుల నుంచి బార్ దగ్గరే ఉన్నారు, బండి ముందుకు కదలట్లేదు 😂

జడ్చర్ల_44
ఇంతకీ ఇన్సూరెన్స్ వాళ్లకి ఈ మార్పులు చెప్పావా తమ్ముడూ?

నల్గొండ_లాగ్స్
సరే అంకెలు పక్కన పెడదాం. మే నెల, మా ఊళ్లో 44 డిగ్రీలు. ఆ గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కితే ఇంటర్‌కూలర్‌లోకి పోయేముందే 140 దాకా వేడెక్కుతుంది. అందులో చిన్న టర్బో, ఇంకా గట్టిగా తిప్పితే పవర్ కంటే వేడే ఎక్కువ ఇస్తుంది. బంకుల్లో దొరికేది మామూలు పెట్రోలే. స్పార్క్ పెట్టిన మంట అంతటా పాకకముందే మిగతా గాలి-పెట్రోల్ మిశ్రమం తనంతట తానే పేలుతుంది, దాన్నే నాకింగ్ అంటారు. నా బండికి జరిగింది కాబట్టి చెప్తున్నా. ఒకాయన రెండు చుట్లు బిగించి ‘ఏం కాదు సార్’ అన్నాడు. మూడు వారాలకి నార్కట్‌పల్లి దాటాక తెల్లపొగ. విప్పితే మూడో పిస్టన్‌లో రెండు రింగుల మధ్య గట్టు బిస్కెట్‌లా విరిగి ఉంది. ఆయన్ని అడిగితే పెట్రోల్ కల్తీ అన్నాడు.

షెడ్డు_సూర్యాపేట
అట్లా అని షెడ్డు వాళ్లందర్నీ ఒకే గాటన కడతావా? మీ ల్యాప్‌టాప్ వాళ్లు మా దగ్గరికి పంపిన బండ్లు ఎన్ని చూశానో నాకు తెలుసు. ఇంజన్ పోతే ‘లోకల్ మెకానిక్ ఏదో తిప్పాడు’ అని ఒక్క మాట అని తప్పించుకుంటారు. వాళ్లకి ముప్పై వేలు, మాకు తిట్లు. కిందటేడాది ఒక కస్టమర్ నేను ముట్టుకోని బండికి నా చేత హెడ్ గ్యాస్కెట్ డబ్బులు కట్టించాడు.

నల్గొండ_లాగ్స్
అన్నా, నా గోడు కూడా అదే. పోయినప్పుడు ఎవడూ నాది అనడు. నాకైతే ఎవరూ పైసా ఇవ్వలేదు. ఒకటి అడుగుతా, మీరు రాడ్ బిగించిన బండ్లలో పెట్రోల్ ఎన్ని?

షెడ్డు_సూర్యాపేట
నిజం చెప్పాలంటే ఒకటో రెండో. మిగతావన్నీ డీజిలే.

నల్గొండ_లాగ్స్
అక్కడే తేడా వచ్చింది. డీజిల్‌లో డీజిల్ పెంచకుండా గాలి పెంచితే సైలెన్సర్ వేడి తగ్గుతుంది, మీరన్నది నూటికి నూరు నిజం. పెట్రోల్‌లో గాలితో పాటు పెట్రోలూ పెరుగుతుంది, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగకపోతే పిస్టనే దెబ్బ తింటుంది.

షెడ్డు_సూర్యాపేట
ఊ. అది మొదటి పోస్టులోనే చెప్తే అయిపోయేది కదా. నువ్వు ఎన్75 అంటూ మొదలుపెట్టావ్.

పాలమూరు_టర్బో
అన్నలూ తిట్టకండి, ఒకటి దాచా. పోయిన ఆదివారమే దోస్తు చుట్టున్నర బిగించాడు. మొదట్లో పికప్ అదిరింది. రెండ్రోజుల నుంచి నాలుగో గేరులో 4000 దాటగానే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి ఆగిపోతోంది, తర్వాత కీ తీసి పెడితేనే మామూలవుతోంది. మీకు పెట్టిన లాగ్ అంతకు ముందుది.

నల్గొండ_లాగ్స్
🤦 ఈసీయూ పవర్ కోసేస్తుంది అన్నది ఇదే.

షెడ్డు_సూర్యాపేట
బిగించే ముందు మరల మీద పెయింట్‌తో గుర్తు పెట్టాడా, లేదా?

పాలమూరు_టర్బో
లేదన్నా.

షెడ్డు_సూర్యాపేట
అయితే గట్టిగా తొక్కకుండా మెల్లగా నడుపుకుంటూ సూర్యాపేట రా. చేతి పంపు పెట్టి గేటు ఎంత ప్రెషర్‌కి కదులుతుందో చూసి పాత చోటికి తెద్దాం. లాగ్స్ తమ్మీ, నీ స్కానర్ కూడా పట్టుకుని రా, డబ్బుల మాట తర్వాత.