అప్‌డేట్: ట్రైమిక్స్ కలపడానికి చివరికి ఏం తీసుకున్నానంటే

60 మీటర్ల లోతు స్కూబా డైవ్‌లకి ట్రైమిక్స్ (ఆక్సిజన్, హీలియం, నైట్రోజన్ కలిసిన గ్యాస్) సొంతంగా కలుపుకోవాలంటే నైట్రాక్స్ స్టిక్ (కంప్రెసర్ పీల్చే గాలిలోనే ఆక్సిజన్ కలిపే గొట్టం) మేలా, పార్షియల్ ప్రెషర్ ప్యానెల్ (ఒక్కో గ్యాస్‌ని ఒత్తిడి చూసుకుంటూ విడివిడిగా సిలిండర్‌లోకి నింపే గేజ్, వాల్వ్‌ల సెట్) మేలా, బూస్టర్ (గ్యాస్ ఒత్తిడిని పెంచి తోసే పంపు) తప్పనిసరా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ప్యానెలే తీసుకున్నాను.

స్టిక్‌లో ఆక్సిజన్ కంప్రెసర్ గుండానే పోతుంది కాబట్టి మామూలుగా 40 శాతం దాటనివ్వరు. డీకంప్రెషన్‌కి, అంటే పైకి వచ్చేటప్పుడు ఆగి ఆగి పీల్చడానికి, నాకు 50 శాతం ఆక్సిజన్ కావాలి. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

ఎక్కువ ఆలోచించింది గేజ్, వాల్వ్‌ల గురించి. ఖాళీ సిలిండర్‌లో 200 బార్ 18/45 (18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం) కావాలంటే కాగితం మీద ఆక్సిజన్ 16.5 బార్, హీలియం 90, మిగతాది గాలి. ముల్లు గేజ్ మీద ఆ అర బార్ ఎవరికి కనిపిస్తుంది? అందుకే డిజిటల్ గేజ్. ఆక్సిజన్ లైన్‌కి బాల్ వాల్వ్ వద్దే వద్దు. ఒక్కసారిగా తెరుచుకుంటే ఒత్తిడికి పుట్టే వేడి చాలు, మంట అంటుకోవడానికి. నీడిల్ వాల్వ్ పెట్టించాను. సిలిండర్లు, వాల్వ్‌లు ఆక్సిజన్ క్లీన్ చేయించాను, అంటే ఆక్సిజన్‌లో అంటుకునే నూనె, జిడ్డు లేకుండా శుభ్రం చేయించాను. పైనుంచి నింపే గాలిలో నూనె ఆవిరి ఉంటే అదంతా దండగే, కాబట్టి కంప్రెసర్ తర్వాత అదనంగా ఇంకో ఫిల్టర్.

హీలియం ఆదర్శ వాయువు లెక్కకి పూర్తిగా లొంగదు, కాగితం మీద లెక్కకీ సిలిండర్‌లో వచ్చేదానికీ తేడా ఉంటుంది. అందుకే ఆక్సిజన్, హీలియం రెండిటి శాతం చూపే ఎనలైజర్‌కి డబ్బు విషయంలో వెనకాడలేదు.

బూస్టర్ ప్రస్తుతానికి వాయిదా. పెద్ద సిలిండర్ అడుగున మిగిలిపోయే హీలియం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. కానీ గాలితో నడిచే బూస్టర్ తాగే గాలిని నా చిన్న కంప్రెసర్ ఇవ్వలేదు.