డబ్బు కొంచెమే ఉంటే ఏ చోటికి ముందు?

ప్రశ్న: ఎర్రగుడి శాసనాలు, బిల్లసర్గం గుహలు, జ్వాలాపురం బూడిద పొరలు. పాత కర్నూలు జిల్లాలో ఈ మూడింట్లో ముందు దేన్ని కాపాడాలి?

జవాబు: పేరు చూసి కాదన్నా, ముప్పు చూసి. ఎర్రగుడి అశోకుని శాసనాలకు కేంద్ర రక్షణ ఉంది. అక్షరాల్లో సుద్దముక్క రుద్దకుండా కాపలా మనిషి ఉంటే సగం పని అయినట్టే. జ్వాలాపురంలో ఉన్నది సుమారు 74,000 ఏళ్ల నాటి టోబా (ఇండోనేషియా) అగ్నిపర్వతపు బూడిద. దాని కిందా మీదా దొరికే రాతి పనిముట్ల వయసు చెప్పేది ఆ పొరే. తవ్వి ట్రాక్టరుకెత్తితే మళ్లీ రాదు. నా ఓటు దానికే.

జవాబు: సరే, కానీ చుట్టూ కంచె వేసేటప్పుడు గుంటలు పొర మీదే తవ్వొద్దు, కాస్త ఎడంగా పాతాలి. రక్షణ కోరే అర్జీకి సర్వే నంబరు, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోలు జతచేయండి.

జవాబు: రైతులతో ముందే మాట్లాడండి. పురాతన కట్టడాలు, స్థలాల రక్షణకున్న 1958 కేంద్ర చట్టం కింద ఆ చోటును రక్షిత స్థలంగా ప్రకటిస్తామని ఇచ్చే నోటిఫికేషన్ మీద అభ్యంతరాలకు రెండు నెలలు గడువుంటుంది. ఖరారైతే 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, ఆపైన ఇంకో 200 మీటర్లకు అనుమతి కావాలి. ఇది చివర్లో తెలిస్తే ఊరంతా ఎదురు తిరుగుతుంది.