శత్రువుల కోసం ప్రార్థన గురించి పిల్లవాడు అడిగిన ప్రశ్న

ప్రశ్న (సండే స్కూలు టీచరు)

అందరికీ వందనాలు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఆదివారాలు బైబిలు పాఠాలు చెబుతాను. అల్లర్ల వల్ల రెండు వారాలు క్లాసు జరగలేదు. మూడో వారం వచ్చిన పిల్లలు పాటకు కూడా గొంతు కలపలేదు. సరే, దారిలో గాయపడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథకు బొమ్మ వేయమని కాగితాలిచ్చాను. ఒకడు గాడిదనూ వేయలేదు, గాయపడిన మనిషినీ వేయలేదు. తగలబడుతున్న బస్సు వేశాడు. ఎర్ర క్రేయానుతో కాగితం చిరిగేదాకా రుద్దాడు. కిటికీలు మాత్రం స్కేలు పెట్టి గీశాడు. వాడు రోజూ ఎక్కే బస్సట.

"శత్రువుల కోసం ప్రార్థన చేయాలని మీరే చెప్పారు కదా టీచర్. అలా చేస్తే వాళ్లే గెలవాలని దేవుణ్ణి అడిగినట్టు కాదా?" అన్నాడు.

"అలా కాదు నాన్నా" అన్నాను. ఎందుకు కాదో చెప్పలేక పాట అందుకున్నాను. మత్తయి 5:44 అందరిచేతా కంఠస్థం చేయించింది నేనే. ఈ ఆదివారం వాడికి ఏం చెప్పాలి?

జవాబు (ఇద్దరు పిల్లల తండ్రి)

అక్కా, మీ ప్రశ్నకు సూటి జవాబు నా దగ్గర లేదు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. బంధువుల గ్రూపులో వచ్చిన ఒక దాడి వీడియోను నేను పది మందికి పంపాను. మా అమ్మాయి చూసి "నాన్నా, ఇది ఇప్పటిదేనని నీకెలా తెలుసు?" అంది. తెలియదు. వెతికితే పాతది, ఎక్కడిదో. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ మా గోడ మీదే వేలాడుతోంది. అదే గ్రూపులో "తప్పు పంపాను, క్షమించండి" అని అమ్మాయి ఎదుటే రాశాను. మా బాబాయి రెండు రోజులు మాట్లాడలేదు.

జవాబు (విశ్రాంత పాస్టరు)

అమ్మా, లూకా 10లోని సమరయుడి కంటే ముందు 9వ అధ్యాయం చెప్పండి. యూదులకు పడని సమరయుల గ్రామం ఒకటి యేసును చేర్చుకోలేదు. ఆకాశం నుంచి అగ్ని దిగి వాళ్లను కాల్చేయాలని ఆజ్ఞాపించమంటావా అని యాకోబు, యోహాను అడిగారు. శిష్యులే! ఆయన గద్దించాడు. అంతే, అందరూ కలిసి వేరే గ్రామానికి నడిచారు. ఆ ఇద్దరినీ వెళ్లగొట్టలేదు. ఆ తర్వాతి అధ్యాయంలోనే కథకు నాయకుడు ఒక సమరయుడు. మనం 9ని వదిలేసి 10 ఒక్కటే చెబుతాం కాబట్టి, కోపం వచ్చిన పిల్లవాడు తనకు బైబిల్లో చోటు లేదనుకుంటాడు.

ఇక వాడి ప్రశ్న. విశ్వాసం కోసం చంపబడిన స్తెఫను తనను రాళ్లతో కొడుతున్నవాళ్ల కోసం ప్రార్థించాడు. వాళ్ల బట్టలకు కాపలా ఉన్నవాడు సౌలు. సౌలు గెలవలేదు, మారాడు; తర్వాత అపొస్తలుడైన పౌలు అతనే. ఆ ప్రార్థన వల్లే మారాడని ఈ సంగతి రాసిన లూకా చెప్పలేదు, నేనూ అనను. స్తెఫను బతకలేదన్నది కూడా దాచకండి. చెడ్డపని చేసే చెయ్యి ఆగాలని అడగడం కూడా ఆ చేతి కోసం చేసే ప్రార్థనే.

జవాబు (ఒక తల్లి)

పాస్టర్ గారితో ఏకీభవిస్తున్నాను కానీ తొందర వద్దు. మా అన్నయ్య దుకాణం బూడిదైన సాయంత్రమే ఒకరు వచ్చి క్షమాపణ గురించి ప్రసంగించారు. మా వదిన లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ముందు 13వ కీర్తన చదవనివ్వండి. ఎన్నాళ్లు, ఎంతకాలం అని దేవుణ్ణే నిలదీస్తాడు కీర్తనకారుడు అందులో.

సండే స్కూలు టీచరు

ఆదివారం క్లాసు జరిగింది. కీర్తన చదివాం, యాకోబు, యోహానుల సంగతి చెప్పాను. మనవాడు తల ఎత్తలేదు. చివరికి యేసును పట్టుకోవడానికి వచ్చినవాళ్లలో ఒకడైన మల్కు చెవిని శిష్యుడు పేతురు కత్తి దూసి నరికిన ఘట్టం, యేసు ఆ చెవిని ముట్టి బాగుచేసిన సంగతి చెప్పాక అడిగాడు: "మరి మల్కు వాళ్లు పేతురును వదిలేశారా?"

యోహాను 18 తీసి చూపించాను. అదే రాత్రి మంట దగ్గర, "తోటలో అతనితో నిన్ను చూశాను కదా" అని పేతురును నిలదీసినవాడు మల్కు బంధువే.

"అయితే చెవి బాగైనా వాళ్ల కోపం పోలేదన్నమాట" అన్నాడు. పోలేదన్నాను. ఈసారి పాట అందుకోలేదు. బస్సు బొమ్మ తిరిగి ఇవ్వమని అడిగితే ఇచ్చాను. కిటికీల్లో మనుషులను వేయడం మరచిపోయాడట.