1971-72 లేకర్స్: చాంబర్లేన్ బ్లాకుల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ NBAలోని లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు 1971-72లో వరుసగా గెలిచిన 33 మ్యాచ్‌లకు పట్టిక తయారు చేస్తున్నాను. 1971 నవంబర్ 5న మొదలైన ఆ జైత్రయాత్ర 1972 జనవరి 9న మిల్వాకీలో 120-104తో ఆగింది. పాయింట్లు, రీబౌండ్లు నింపేశాను. ఆ జట్టు ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ బ్లాకుల (ప్రత్యర్థి షాట్‌ను చేత్తో అడ్డుకోవడం) గడి మాత్రం ఖాళీ. లీగ్ బ్లాకులు లెక్కపెట్టింది 1973-74 నుంచే, అప్పటికే ఆయన అందులో ఆడటం మానేశారు. 1971-72 సీజన్‌లో మ్యాచ్‌కు ఆయన సగటు 14.8 పాయింట్లే. బుట్ట దగ్గర ఆయన కాపలాయే జట్టుకు అసలు బలం, అదే కాగితం మీద లేకపోవడం బాధగా ఉంది.

బాక్స్ స్కోర్లన్నీ (మ్యాచ్ గణాంకాల పట్టికలు) వెతికాను, బ్లాకుల కాలమ్ లేదు. పాత పేపర్ల స్కాన్లు చూస్తే 3 ఏదో 8 ఏదో తెలియట్లేదు.

ఆ 33 మ్యాచ్‌లలో ఒక్కదానికైనా, అప్పటి విలేకరులు చేత్తో లెక్కపెట్టుకున్న బ్లాకుల సంఖ్య ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?