బంగారం మీద బెంజీన్: రెండు పీక్‌లు ఎందుకు?

ప్రశ్న: వాక్యూమ్‌లో బాగా చల్లబరిచిన బంగారం మీద బెంజీన్ వేసి, మెల్లగా వేడి చేస్తూ, ఎగిరిపోయే అణువుల్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల్ని బరువుని బట్టి గుర్తించే పరికరం) చూస్తున్నా. 150 కెల్విన్ దగ్గర ఒక పీక్, 200 దాటాక ఇంకోటి వస్తున్నాయి. అసలు బెంజీన్‌కి బంగారంతో రసాయన బంధమే ఏర్పడదు కదా, మరి రెండెందుకు?

జవాబు 1: బంధం లేకపోయినా వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ (దగ్గరగా ఉన్న అణువుల మధ్య ఉండే బలహీనమైన లాగుడు) ఉందిగా. మొదటి పొర అణువులు లోహం మీద బల్లపరుపుగా పడుకుంటాయి, వాటిని లోహమే పట్టుకుంటుంది. పైపొరల్లో బెంజీన్‌ని పట్టుకునేది బెంజీనే, ఆ పట్టు తక్కువ కాబట్టి అవి ముందే ఎగిరిపోతాయి. డోస్ (వేసే బెంజీన్ మోతాదు) పెంచి చూడండి, 150 దగ్గరి పీక్ పెరుగుతూనే ఉంటుంది, రెండోది మొదటి పొర నిండాక ఆగిపోతుంది.

జవాబు 2: పై జవాబు కరెక్టే. కానీ పీక్ ఉష్ణోగ్రత నుంచి అణువు విడిపోవడానికి కావాల్సిన శక్తి లెక్క కట్టేటప్పుడు ఒక జాగ్రత్త: అందరూ కళ్లు మూసుకుని సెకనుకి 10^13 అనే ప్రీఫ్యాక్టర్ (అణువు సెకనుకి ఎన్నిసార్లు విడిపోవడానికి ప్రయత్నిస్తుందో సుమారుగా చెప్పే సంఖ్య) పెట్టేస్తారు (నేనూ పెట్టాను, తర్వాత మొత్తం మళ్లీ చేశాను). పెద్ద అణువులు ఉపరితలం మీద స్వేచ్ఛగా తిరగలేవు, విడిపోయాక తిరుగుతాయి, అంటే ఎంట్రోపీ (అణువుల కదలికలకి ఉన్న స్వేచ్ఛ అనుకోండి) పెరుగుతుంది, దాంతో ఆ విలువ ఎన్నో రెట్లు ఎక్కువ ఉండొచ్చు. 10^13 పెడితే శక్తి తక్కువగా తేలుతుంది.

ప్రశ్న అడిగినవారు: డోస్ పెంచి చూశా, 150 దగ్గరి పీక్ ఆగట్లేదు! రెండో పీక్‌కి కుడివైపు, అంటే ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రత వైపు, చిన్న తోక కూడా ఉంది.

జవాబు 1: అది ఉపరితలం మీది మెట్ల అంచులు, లోపాల వల్ల కావచ్చు. అక్కడ పట్టు కాస్త గట్టిగా ఉంటుంది.